ఐదు ఊళ్ల దాహము: మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితము

ఉగాదినాడు తెల్లవారకముందే లేచి, తలంటి పోసికొని, కొత్త బట్ట కట్టి, వేపపూవు పచ్చడి నోట వేసికొనుట మన ఇండ్లలో ఆచారము. ఊరు విడిచి ఎంత దూరము వచ్చినా ఈ ఆచారమును మనము విడువలేదు. అయితే వీటన్నిటికంటె ముందు మన ఇంట జరుగు పని ఒకటి ఉన్నది. అది కుళాయి తిప్పుట. నీళ్లు వచ్చినచో ఆ పని చేసినట్లే మనకు జ్ఞాపకముండదు. రానిచో తలంటి లేదు, పచ్చడి లేదు, పండుగే లేదు.

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితమును గూర్చి వ్రాయుమని సంఘము పెద్దలు అడిగినప్పుడు నాకు ఈ కుళాయియే తట్టినది. నేను పండితుడను కాను. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. 2024 వేసవిలో బెంగళూరు పట్టణములో బోరుబావులు వరుసగా ఎండిపోయినవి. మా వీధి బోరుబావికి కూడ అదే గతి పట్టినది. రాత్రి పది గంటలకు ట్యాంకరు వచ్చునని విని బిందెలు పట్టుకొని అందరమూ వీధిలో వరుస కట్టినాము. నా వెనుక నిలుచున్న కన్నడ పెద్దాయన, విశ్వేశ్వరయ్యగారు ఉండినచో మనకు ఈ అవస్థ వచ్చేదా అని నిట్టూర్చినారు. నేను ఊరుకొనక, ఆయన మా తెలుగువారేనండీ అన్నాను. పెద్దాయన నవ్వి, మీవారైతే మంచిదే, ఏయే ఊళ్లకు ఎట్లా తాగేనీళ్లు తెచ్చినారో కాస్త చెప్పు నాయనా అన్నారు. కన్నంబాడి ఆనకట్ట పేరు తప్ప నాకేమియు తోచలేదు. ట్యాంకరు వచ్చినది కాని నా సిగ్గు పోలేదు. ఆ సిగ్గుతో చదివి తెలిసికొన్న సంగతులనే ఇక్కడ మనవి చేయుచున్నాను.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులది గిద్దలూరు ప్రాంతమున గల మోక్షగుండం గ్రామము. ఆయన పుట్టుటకు కొన్ని తరములకు ముందే వారు మైసూరు సీమకు వలస వచ్చినారు. ఊరు విడిచినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచినది. ఇంటిలో తెలుగు నిలిచినది. నేటి చిక్కబళ్లాపురం జిల్లాలో, నంది కొండల దాపున ఉన్న ముద్దేనహళ్లిలో ఆయన సెప్టెంబరు 15వ తేదీన జన్మించినారు. జన్మసంవత్సరము 1860 అని లెక్కించి 1960లో భారత ప్రభుత్వము శతజయంతి తపాలాబిళ్ల వెలువరించినది. తన శతజయంతి బిళ్లను తాను బ్రతికియుండగా చూచిన భాగ్యము ఎందరికి కలుగును? తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వేంకటలక్ష్మమ్మగారు. ఇంటిలో విద్య ఉన్నది, ధనము లేదు.

ఆ నంది కొండల ప్రాంతముననే పెన్న పుట్టి అనంతపురం, కడప సీమలు దాటి నెల్లూరు మీదుగా సముద్రములో కలియుచున్నది. అర్కావతి కూడ అక్కడనే పుట్టి దక్షిణమునకు పోయి కావేరిలో కలియుచున్నది. ఒకటి తెలుగువారి నది, ఒకటి కన్నడిగుల నది. పుట్టిల్లు మాత్రము ఒకటే. విశ్వేశ్వరయ్యగారి కథయు అటువంటిదే. ఈ అర్కావతి మన కథలో మరల వచ్చును, చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

చదువుకొను వయస్సులోనే తండ్రి గతించినారు. చిక్కబళ్లాపురంలో మొదటి చదువు ముగించి, బెంగళూరులో మేనమామగారి అండన చేరి సెంట్రల్ కాలేజీలో చదివినారు. ఇతరుల పిల్లలకు చదువు చెప్పి, ఆ వచ్చినదానితో తన ఖర్చులు గడుపుకొన్నారు. బి. ఏ. అయిన పిదప మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థివేతనముతో పూనా వెళ్లి ఇంజనీరింగు చదివి, 1883లో బొంబాయి రాజధాని మొత్తమునకు ప్రథమునిగా నెగ్గినారు. మరుసటి యేడు, 1884లో, బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరినారు. నాసిక్, ఖాందేశ్ ప్రాంతములలో కాలువలు, గొట్టములు వేయుటతో ఆయన ఉద్యోగము మొదలయినది.

ఆయన పేరు చెప్పగానే మనకు పెద్ద ఆనకట్టలే కనబడును. కాని ఆయనకు మొదట పేరు తెచ్చినది పొలములకు పారిన నీరు కాదు, ఇండ్లకు పోయిన నీరు. ఆయన దాహము తీర్చిన ఊళ్లు చాలా ఉన్నవి. వానిలో ఐదింటి సంగతి చెప్పెదను. ఒక్కొక్క ఊరి దాహము ఒక్కొక్క రకము.

మొదటిది సుక్కూరు. సింధు నది ఒడ్డున ఉన్న ఈ ఊరు నేడు పాకిస్థాన్‌లో ఉన్నది. అప్పుడు బొంబాయి రాజధానిలో చేరియుండెను. 1894లో అక్కడి నీటిసరఫరా పని పూర్తిచేయుటకు విశ్వేశ్వరయ్యగారిని పంపినారు. సింధు వంటి మహానది గుమ్మము ముందరనే పారుచుండగా ఆ ఊరికి నీటి కరవేమిటి? నీరున్నది, కాని బురద నీరు. నీటిని పంపులతో ఎత్తి కొండమీది తొట్టెకు చేర్చి, అక్కడనుండి గొట్టముల ద్వారా వీధులకు దింపవలెనని ఏర్పాటు. అయితే ఆ బురదను వడగట్టుటకు ఇసుక పడకలు కట్టవలెను, వానికి మునిసిపాలిటీ వద్ద డబ్బు లేదు.

మన రాయలసీమలో ఎండాకాలమున స్త్రీలు ఏటి ఇసుకలో చెలమ తీయుదురు. ఏటిలో పైన పారు నీరు బురదగా ఉన్నా, చెలమలో ఊరిన నీరు తేటగా ఉండును. ఇసుకయే జల్లెడ. విశ్వేశ్వరయ్యగారు సుక్కూరులో చేసినది ఇదే, పెద్ద ఎత్తున. నదీగర్భములోనే బావి త్రవ్వించి, ఇసుకలోనుండి వడిసి వచ్చిన తేటనీటిని సొరంగము ద్వారా ఒడ్డున ఉన్న బావికి చేర్చి, అక్కడనుండి పంపులతో కొండకు ఎక్కించినారు. లేని డబ్బుకు ఏడ్వక, ఉన్న ఇసుకనే పనికి పెట్టినారు. 1895లో ఊరికి నీరు వచ్చినది. కొండపైకి ఎక్కించుట ఎందులకో మన పిల్లలకు చెప్పవలెను. నీరు ఎంత ఎత్తునుండి దిగునో అంత బలముగా ఇంటి కుళాయిలో పడును. ఒకసారి ఎత్తి పెట్టినచో తరువాత వీధివీధికి తన బరువుతోనే పోవును. మన పేటలలో కనబడు ఎత్తైన ట్యాంకులు ఆనాటి కొండకు బదులుగా కట్టినవే.

రెండవ ఊరు పూనా. అక్కడ దాహము మరియొక రకము. పూనాకు, దండు ప్రాంతమునకు, కాలువ క్రింది పొలములకు ఖడక్‌వాస్లా వద్ద ఉన్న ఫైఫ్ చెరువే ఆధారము. వర్షకాలములో చెరువు నిండి, నీరు కట్టపై కట్టిన కలుజు మీదుగా పొర్లి పోవును. ఎండాకాలము వచ్చుసరికి చాలదు. కట్టను ఎత్తు చేసినచో వరదలో దానికే ముప్పు. ఎత్తు చేయనిచో నీరు వృథా. ఈ చిక్కునకు విశ్వేశ్వరయ్యగారు కనుగొన్న ఉపాయము తానే తెరుచుకొను తలుపు. కలుజు మీద తలుపులు బిగించి వానికి ఎదురు బరువులు కట్టినారు. నీరు నిర్ణయించిన మట్టము వరకు నిలిచియుండును. అంతకు మించి పెరిగినప్పుడు ఎవరును తాకకుండగనే తలుపులు తెరుచుకొని అధికజలమును విడుచును. మట్టము తగ్గగానే మరల మూసికొనును. 1903లో ఈ తలుపులు పెట్టినారు. నీటిమట్టము సుమారు 8 అడుగులు పెరిగినది. కొత్త ఆనకట్ట కట్టకయే, చెరువులో నిలువ నాలుగవ వంతు మేర హెచ్చినది. ఈ తలుపులకు ఆయన పేరిట పేటెంటు వచ్చినది. తరువాత కృష్ణరాజసాగరమునకు కూడ ఇటువంటి తలుపులే అమర్చినారు.

అర్ధరాత్రి వాన కురిసినచో చెరువు కాపలావాడు నిద్రపోవచ్చును, బరువు నిద్రపోదు. సిగ్నలు పనులు చూచు రైల్వేవారికి ఈ సంగతి బాగుగా తెలియును. మనిషి మరచినా యంత్రము మరువకుండ ఉండవలెను, అదియే భద్రత. అయినను ఏ కట్టకైనను తన హద్దు ఉన్నది. 1961 జూలై 12వ తేదీన ఎగువనున్న పాన్‌షెత్ ఆనకట్ట తెగి, ఆ ప్రవాహమునకు ఖడక్‌వాస్లా కట్ట కూడ తెగి పూనా మునిగినది. అంత వరద వచ్చిన ఊరిలోనే కుళాయిలు ఎండిపోయినవి. తరువాత ఆ కట్టను మరల కట్టినారు. నేడును పుణె నగరము తాగు నీటిలో ఎక్కువభాగము ఆ లోయ ఆనకట్టలదే.

ఆ సంవత్సరములలో ఆయన బొంబాయి ప్రభుత్వమునకు శానిటరీ ఇంజనీరుగా ఉండి బెల్గాం, ధార్వాడ, బిజాపురము వంటి అనేక పట్టణములకు నీటిసరఫరా ఏర్పాట్లు చేసినారు. నీటిసరఫరాతోపాటు మురుగుకాలువల మాటయు ఆలోచించుట ఆయన పద్ధతి. ఇంటికి నీరు తెచ్చి, వాడిన నీరు పోవుటకు దారి చూపనిచో, ఆ నీరే వీధిలో నిలిచి దోమలను, జబ్బులను తెచ్చును గదా.

మూడవ ఊరు ఏడెన్. ఇది అరేబియా దక్షిణ తీరమున ఉన్న రేవు. అప్పుడు బొంబాయి ప్రభుత్వపు క్రింద ఉండెను. 1906లో ఆయనను అక్కడకు పంపినారు. చుట్టును సముద్రము, ఊరిలో తాగుటకు చుక్క లేదు. సంవత్సరము మొత్తము మీద కురియు వాన సుమారు 3 అంగుళములు. సముద్రపు నీటిని కాచి, ఆవిరిని చల్లార్చి తాగవలసిన ఊరది. పేదవారికి ఆ నీరు ఏమి అందును? విశ్వేశ్వరయ్యగారు ఊరిలో వెదకక ఊరి వెలుపల వెదకినారు. ఉత్తరముగా 18 మైళ్ల దూరమున, లహేజ్ వైపున, కొండలమీద వాన కురిసి దిగివచ్చు ఏటి ఇసుకలో నీరున్నదని చూచి, అక్కడ బావులు త్రవ్వి పంపులతో ఊరికి తెచ్చు ఏర్పాటును, దానితోపాటు మురుగునీటి ఏర్పాటును వ్రాసి ఇచ్చినారు. ఇదియు మన చెలమ సంగతియే. ఆ యేడే ప్రభుత్వమువారు ఆయనకు కైసర్-ఇ-హింద్ పతకము ఇచ్చినారు.

ఇంత చేసినను, చీఫ్ ఇంజనీరు పదవి ఆ కాలమున భారతీయునికి దక్కునట్టిది కాదు. 1908లో ఆయన తానుగా ఉద్యోగము విడిచి విదేశయాత్రకు వెళ్లినారు. ఆ యాత్రలో ఉండగానే హైదరాబాదు నిజాము ప్రభుత్వమునుండి పిలుపు వచ్చినది.

ఇది నాలుగవ ఊరు. మన తెలుగు ఊరు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి హైదరాబాదును ముంచినది. వేలాదిమంది చనిపోయినారు. అఫ్జల్‌గంజ్ వద్ద ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొన్నారు. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్నది. విశ్వేశ్వరయ్యగారు 1909లో వచ్చి మొదట చేసిన పని లెక్కించుట. వాన ఎంత కురిసినది, నదికి ఎగువన చెరువులెన్ని, వానిలో తెగినవెన్ని? మూసీ పరీవాహక ప్రాంతములో 788 చెరువులు ఉండగా 221 తెగినవని తేలినది. పై చెరువు తెగి క్రింది చెరువు మీద పడుట, అది తెగి దాని క్రింది దాని మీద పడుట. ఊరిని ముంచినది ఒక్క వాన కాదు, ఈ వరుస.

1909 అక్టోబరులో ఆయన తన నివేదిక ఇచ్చినారు. నగరమునకు ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు జలాశయములు కట్టవలెనన్నారు. వరద వచ్చినప్పుడు నీటిని అక్కడ పట్టి ఉంచి, నది భరించగలిగినంత మాత్రమే మెల్లగా విడువవలెను. మూసీపైన ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపైన హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయినవి. మొదటిదానిలో సుమారు 3.9 టి.ఎం.సి.లు, రెండవదానిలో సుమారు 3 టి.ఎం.సి.ల నీరు పట్టును. వరద ఆపుటకు కట్టిన ఆ జలాశయములే నగరమునకు తాగునీరు కూడ ఇచ్చినవి. అంతకుముందు మీరాలం చెరువు, హుస్సేన్ సాగరము మీద ఆధారపడిన ఊరికి, ఉస్మాన్ సాగర్ నీరు పంపుల అవసరము లేకుండ, పల్లమును పట్టి తన బరువుతోనే ఆసిఫ్‌నగర్ వడపోత పడకలకు చేరి, అక్కడనుండి ఇండ్లకు పోయినది. 1908లో ఏ నీరు తల్లులనుండి బిడ్డలను లాగుకొనిపోయినదో, ఆ నీరే పన్నెండేండ్లకు తల్లులు బిడ్డలకు తాగబట్టు నీరైనది. ఒక ఇంజనీరు తన జీవితములో ఇంతకుమించి ఏమి చేయవలెను?

మురుగుకాలువల ఏర్పాటు పూర్తికావలసి ఉండగా 1922లో ఆయన మరల హైదరాబాదు వచ్చి ఆ పనిని సరిచూచినారు. నేడు ఆ మహానగరమునకు ఈ రెండు జలాశయములు చాలవు. మంజీర, కృష్ణ, గోదావరి నీళ్లును తెచ్చుకొనుచున్నారు.

1909 నవంబరులో ఆయన పుట్టిన సీమకు, మైసూరు సంస్థానమునకు, చీఫ్ ఇంజనీరుగా వచ్చినారు. 1911లో కావేరిపై కన్నంబాడి వద్ద కృష్ణరాజసాగరము పని మొదలయినది. 1912లో దివాను అయినారు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసినవి. బంధువులను విందుకు పిలిచి, తన పదవిని అడ్డుపెట్టుకొని ఎవరును సిఫారసులు కోరబోమని మాట తీసికొన్న తరువాతనే దివాను పదవికి ఒప్పుకొన్నారని మన ఇండ్లలో ఇప్పటికిని చెప్పుకొందురు. మహనీయులైనను మనుష్యులే. ప్రభుత్వోద్యోగములలో బ్రాహ్మణేతరులకు ఎక్కువ స్థానము ఇచ్చు విషయమై మహారాజావారు ఒకవైపు, ఈయన ఒకవైపు అయినారు. 1918లో పదవి విడిచినారు. ఈ విషయమున నాటి ప్రజలలో అనేకులు ఆయనతో ఏకీభవింపలేదు. కృష్ణరాజసాగరమువలన ఊళ్లు మునిగి ఇండ్లు విడిచినవారును ఉన్నారు. నీరు వచ్చిన ఇంటివారు నీటికొరకు ఇల్లు విడిచినవారిని తలచుకొనుట ధర్మము. వలస యెట్టిదో తెలిసిన మనకు ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఐదవ ఊరు బెంగళూరు. ఈ ఊరికి మొదట గొట్టముల ద్వారా నీరు తెచ్చిన కీర్తి విశ్వేశ్వరయ్యగారిది కాదు. దివాను శేషాద్రి అయ్యరుగారి కాలమున, 1896లో, అర్కావతి మీది హెసరఘట్ట చెరువు నీటిని సోలదేవనహళ్లి వద్ద ఆవిరి పంపులతో ఎత్తి పట్టణమునకు తెచ్చినారు. నంది కొండలలో పుట్టిన అర్కావతి అని ముందు చెప్పితిని, ఇది ఆ అర్కావతియే. అయితే 1925 ప్రాంతమున వానలు తప్పి హెసరఘట్ట ఎండినది. కుళాయిలు ఉన్నవి, గొట్టములు ఉన్నవి, నీరు లేదు. ఏమి చేయవలెనో ఆలోచించుటకు ఏర్పడిన సంఘమునకు విశ్వేశ్వరయ్యగారు అధ్యక్షులైనారు. అప్పటికి ఆయనకు పదవి లేదు, అరువదియైదేండ్ల వయస్సు. అర్కావతియు కుముద్వతియు కలియు చోట, తిప్పగొండనహళ్లి వద్ద, చామరాజసాగరమను జలాశయము కట్టినారు. అది 1933లో పూర్తి అయినది. ముద్దేనహళ్లి కొండలనుండి దిగిన నీరు, ఆ ఊరి బిడ్డ చలువవలన, బెంగళూరు ఇండ్లకు చేరినది.

ఇక్కడ కథ ముగిసినచో బాగుండును, కాని ముగియలేదు. పట్టణము పెరిగినది. అర్కావతికి నీరు తరిగినది. పట్టణపు మురికి, కార్ఖానాల మురికి ఆ నదిలో చేరి, కొన్నేండ్లు ఆ జలాశయపు నీరు తాగుటకు పనికిరాని స్థితియు వచ్చినది. బెంగళూరు కావేరిని ఆశ్రయింపవలసి వచ్చినది. 1974లో మొదటిదశ కావేరి నీరు పట్టణమునకు వచ్చినది. సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, మూడు అంచెలలో సుమారు 500 మీటర్ల ఎత్తునకు ఆ నీటిని పంపులతో ఎక్కించుచున్నారు. ఎండాకాలములో ఆ నీరు నదిలో ఉండుట ఎగువన కృష్ణరాజసాగరము పట్టి ఉంచుట చేతనే. 2024 అక్టోబరులో ఐదవదశ ప్రారంభమై పట్టణములో చేరిన 110 గ్రామములకు నీరు ఇచ్చుటకు ఏర్పాటైనది. మేము బిందెలతో వరుస కట్టిన వేసవి అంతకు ఆరు నెలల ముందటిది.

విశ్వేశ్వరయ్యగారికి 1915లో సర్ బిరుదమును, 1955లో భారతరత్నమును లభించినవి. మా రైల్వేవారికి ఆయన చేసిన మేలు ఒకటి చెప్పక విడువలేను. బీహారులో మొకామా వద్ద గంగపై రైలుకును రోడ్డుకును కలిపి కట్టిన రాజేంద్ర సేతువునకు స్థలము నిర్ణయించినది ఆయన సలహా మీదనే. అప్పటికి ఆయనకు తొంబది యేండ్లు దాటినవి. 1959లో ఆ వంతెన ప్రారంభమయినది. 1962 ఏప్రిల్ మాసములో బెంగళూరులో ఆయన కాలధర్మము చెందగా, స్వగ్రామమగు ముద్దేనహళ్లిలో అంత్యక్రియలు జరిగినవి. ఆయన పుట్టినరోజును దేశమంతటను ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.

ఐదు ఊళ్లలో ఐదు దాహములు చూచినాము. ఒకచోట నీరు మురికి. ఒకచోట నీరు వృథా. ఒకచోట నీరే లేదు. ఒకచోట నీరు మితిమీరినది. ఒకచోట ఉన్న నీరు తప్పిపోయినది. ఎక్కడను ఆయన మంత్రము వేయలేదు. ప్రతి ఊరిలోను మొదట నీటిని కొలిచినారు, తరువాత డబ్బును కొలిచినారు, తరువాత పని మొదలుపెట్టినారు. సుక్కూరు లెక్క ఏడెన్‌కు పనికిరాదు. 1933 నాటి బెంగళూరు లెక్క నేటి బెంగళూరుకు పనికిరాదు. ఊరు పెరిగిన కొలదిని ఆ ఊరిలో ఉన్నవారే మరల లెక్క వేసికొనవలెను.

అందుచేత ఆ పెద్దాయన వేసిన మొదటి ప్రశ్నకు నేడు నా జవాబు ఇది. విశ్వేశ్వరయ్యగారు ఉండినను ముందుగా మననే లెక్క అడిగియుందురు. మీ వీధిలో ఎన్ని ఇండ్లు, ఎన్ని కుళాయిలు, ఎన్ని కారుచున్నవి, వాన పడినప్పుడు మీ మిద్దెమీది నీరు ఎటు పోవుచున్నది? మిద్దెనీటిని పట్టి నిలువచేయవలెనని బెంగళూరులో 2009లో చట్టము వచ్చినది. మనలో ఎందరి ఇండ్లలో ఆ ఏర్పాటు సరిగా పనిచేయుచున్నది? నీటి బిల్లు రాగానే విసుగుకొనుచున్నాము. కాని ఆ కాగితములో నూరు కిలోమీటర్ల గొట్టము, మూడు అంచెల పంపులు, రాత్రింబవళ్లు కాపలా ఉన్న పనివారు ఉన్నారు. మనము కట్టక విడిచిన రూపాయి, మనము కట్టక విడిచిన కుళాయి, రెండును మన వెనుక వరుసలో నిలుచున్నవారి బిందెలోనుండి పోవునవే.

ఆయన మావారని తెలుగువారమందుము, మావారని కన్నడిగులందురు. ఇద్దరి మాటయు నిజమే. ఇంటిలో తెలుగు మాటాడిన ఆ వలసబిడ్డ సింధులో సింధువారి దాహమును, పూనాలో మరాఠీవారి దాహమును, ఏడెన్‌లో అరబ్బుల దాహమును తన ఇంటి దాహముగానే చూచినారు. వచ్చిన ఊరికి పనికివచ్చుటయే ఆయన తన పూర్వుల ఊరికి తెచ్చిన కీర్తి. మోక్షగుండం అను చిన్న పల్లె పేరు దేశమంతట వినబడుటకు వేరే కారణము లేదు. ఈ ఊళ్లలో తరతరములుగా ఉండి, ఈ నీళ్లే తాగి, ఇక్కడనే పిల్లలను పెంచుకొనుచున్న మనకు ఆయనను మనవాడని చెప్పుకొనుటకు మార్గము కూడ అదియే.

ఆ పెద్దాయన మరల ఎప్పుడైనను కనబడినచో ఈ ఐదు ఊళ్ల సంగతి చెప్పవలెనని ఉన్నది. వరుసలో కాక, ఇరువురి ఇండ్లలోను కుళాయి నీళ్లు నిండుగా వచ్చుచుండగా తీరికగా చెప్పవలెనని ఉన్నది. ఈ నూతన సంవత్సరమున మన అందరి ఇండ్లలో బిందెలు నిండి, చెరువులు నిండి, మనసులు నిండవలెనని కోరుచు సోదర సోదరీమణులందరికిని ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొనుచున్నాను.